టీజేనా, అకాడమీనా, బేస్ స్కూలా? నార్తర్న్ వర్జీనియా తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

ఏటా వసంతం వచ్చేసరికి ఆష్‌బర్న్, ఆల్డీ, సౌత్ రైడింగ్ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న తిరుగుతుంటుంది. "అబ్బాయికి టీజే వచ్చిందండీ, అకాడమీ ఆఫ్ సైన్స్ కూడా వచ్చింది. ఏది తీసుకోమంటారు?" ఈ రెండూ దరఖాస్తు పెట్టి ఎంపికైతేనే సీటు దొరికే ప్రత్యేక పబ్లిక్ హైస్కూల్ ప్రోగ్రాములు, వీటినే మాగ్నెట్ ప్రోగ్రాములు అంటారు. ఐదు నిమిషాల్లో ఇరవై జవాబులు వస్తాయి. వాటిలో పదిహేను "టీజే వదులుకుంటారా ఎవరైనా!" అనే అర్థంలోనే ఉంటాయి. అడిగినవాళ్ల పిల్లాడు ఎలాంటివాడో ఆ పదిహేను మందిలో ఒక్కరికీ తెలియదు.

ఇందులో మన తప్పు పెద్దగా లేదు. ఎంసెట్ వెబ్ ఆప్షన్లలో కాలేజీలను వరసగా పెట్టి, ర్యాంకుకు అందిన మొదటి సీటు తీసుకున్న తరం మనది. మంచి సీటు వస్తే చేరిపోవడమే తప్ప రెండు మంచి సీట్ల మధ్య ఎంచుకోవడం మనకు అలవాటు లేదు. నార్తర్న్ వర్జీనియా మాగ్నెట్ ప్రోగ్రాముల మధ్య అలాంటి వరస లేదు. టీజేకీ, లౌడన్ అకాడమీలకూ అసలు తేడా స్థాయిలో కాదు, పిల్లల వారం గడిచే తీరులో ఉంది. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం ఆ వారం గురించే.

మొదటి అడుగు: మీ ముందున్నవి ఏమిటో సరిగ్గా తెలుసుకోండి

టీజే అంటే థామస్ జెఫర్సన్ హైస్కూల్ ఫర్ సైన్స్ అండ్ టెక్నాలజీ. 1985లో మొదలైంది. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో, అలెగ్జాండ్రియా చిరునామాతో ఉంటుంది. నడిపేది ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ పబ్లిక్ స్కూల్స్ అయినా ఫెయిర్‌ఫాక్స్, లౌడన్, ప్రిన్స్ విలియం, ఆర్లింగ్టన్ కౌంటీల పిల్లలూ, ఫాల్స్ చర్చ్ సిటీ పిల్లలూ అప్లై చేసుకోవచ్చు. ఇది పూర్తికాలపు బడి. ఇంగ్లిష్, హిస్టరీ, పీఈ, ఆటలు, బ్యాండ్ అన్నీ అక్కడే. నాలుగేళ్ల తర్వాత డిప్లొమా ఇచ్చేదీ టీజేనే. అంటే మీ జోన్ హైస్కూల్‌తో పిల్లలకు సంబంధం తెగిపోతుంది.

తొమ్మిదో తరగతిలో బయాలజీ, ఇంగ్లిష్, టెక్నాలజీ మూడింటినీ కలిపి ఒకే జట్టుగా చెప్తారు. దాన్ని ఐబెట్ అంటారు. కంప్యూటర్ సైన్స్ అందరికీ తప్పనిసరి, క్యాలిక్యులస్ దాకా వెళ్లడమూ అంతే. పన్నెండో తరగతిలో ప్రతి విద్యార్థీ ఏదో ఒక సీనియర్ రీసెర్చ్ ల్యాబ్‌లో ప్రాజెక్టు చేయాలి, లేదా బయటి పరిశోధన సంస్థలో మెంటర్‌షిప్ చేయాలి. ఖగోళశాస్త్రం, న్యూరోసైన్స్, ఓషనోగ్రఫీ, క్వాంటమ్ ఆప్టిక్స్, కంప్యూటర్ సిస్టమ్స్, రోబోటిక్స్ లాంటి ల్యాబులు ఉన్నాయి. 2013 నవంబరులో అంతరిక్షంలోకి వెళ్లిన టీజే3శాట్ హైస్కూల్ పిల్లలు తయారుచేసిన మొదటి ఉపగ్రహం. లెక్కల్లో క్యాలిక్యులస్ దాటాక మల్టీవేరియబుల్, లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ దాకా బడిలోనే క్లాసులు ఉంటాయి. బుధ, శుక్రవారాల్లో ఎయిత్ పీరియడ్ పేరుతో బడి వేళల్లోనే క్లబ్బులు నడుస్తాయి. దూరం నుంచి బస్సులో వచ్చే పిల్లలకు ఇది పెద్ద వెసులుబాటు, సాయంత్రం ఆగిపోకుండానే క్లబ్బులో ఉండొచ్చు.

లౌడన్ కౌంటీవాళ్లకు రెండో దారి లీస్‌బర్గ్‌లోని అకాడమీస్ ఆఫ్ లౌడన్. ఈ భవనం 2018లో తెరిచారు. అందులో ఒకే కప్పు కింద మూడు వేర్వేరు ప్రోగ్రాములు ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఇక్కడే కంగారు పడతారు.

అకాడమీ ఆఫ్ సైన్స్, అంటే ఏఓఎస్, 2005లో స్టెర్లింగ్‌లోని డొమినియన్ హైస్కూల్‌లో మొదలైంది. ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఎర్త్ సైన్స్‌ను విడివిడిగా కాకుండా కలగలిపి, ప్రశ్న వేసి ప్రయోగం చేసి జవాబు వెతికే పద్ధతిలో చెప్తారు. పై తరగతుల్లో సొంత పరిశోధన ప్రాజెక్టు ఉంటుంది. అకాడమీ ఆఫ్ ఇంజనీరింగ్ అండ్ టెక్నాలజీ, అంటే ఏఈటీ, తర్వాత వచ్చింది. ఇంజనీరింగ్, కంప్యూటర్ వైపు మొగ్గు ఉన్న పిల్లల కోసం. మూడోది మన్రో అడ్వాన్స్‌డ్ టెక్నికల్ అకాడమీ. పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలు ఈఎంటీ (అంబులెన్స్‌లో అత్యవసర వైద్య సహాయం), ప్రాక్టికల్ నర్సింగ్, వెటర్నరీ సైన్స్, వెల్డింగ్, కలినరీ లాంటి కోర్సులు చేస్తారు. మన ఇళ్లలో దీని పేరెత్తేవాళ్లు తక్కువ. మెడిసిన్ అంటున్న పిల్ల పదిహేడేళ్లకే అంబులెన్స్ పని ఎలా ఉంటుందో చూస్తే, ఆ కోరిక నిజమో కాదో ఏ ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి కోర్సు) బయాలజీ మార్కులకన్నా బాగా తెలుస్తుందని నా అభిప్రాయం.

ఏఓఎస్, ఏఈటీ పూర్తికాలపు బడులు కావు. ఒక రోజు అకాడమీ, మర్నాడు సొంత హైస్కూల్. లౌడన్ హైస్కూళ్లన్నీ 'ఏ డే, బీ డే' పద్ధతిలో నడుస్తాయి కాబట్టి ఇది సర్దుకుపోతుంది. సైన్స్, లెక్కలు అకాడమీలో. ఇంగ్లిష్, హిస్టరీ, భాష, పీఈ సొంత హైస్కూల్లో. డిప్లొమా కూడా సొంత హైస్కూల్ నుంచే. ఆటలు, బ్యాండ్, హోమ్‌కమింగ్ అన్నీ చిన్నప్పటి స్నేహితులతోనే.

మూడో దారి బేస్ స్కూల్, అంటే మీ ఇంటి జోన్‌లో వచ్చే మామూలు హైస్కూల్. ఏపీ కోర్సులూ, నార్తర్న్ వర్జీనియా కమ్యూనిటీ కాలేజీతో డ్యూయల్ ఎన్‌రోల్‌మెంటూ (హైస్కూల్లో ఉంటూనే కాలేజీ క్రెడిట్లు తెచ్చుకునే ఏర్పాటు) ఉంటాయి. దీన్ని "ఏదీ రాకపోతే" అనే గడిలో పెట్టకండి. ఇదీ ఒక ఎంపికే.

ప్రిన్స్ విలియంలో ఉన్నవాళ్లకు మనాసస్‌లోని జార్జ్ మేసన్ యూనివర్సిటీ క్యాంపస్‌లో గవర్నర్స్ స్కూల్ ఎట్ ఇన్నోవేషన్ పార్క్ ఉంది. పదకొండు, పన్నెండు తరగతులకు మాత్రమే, అదీ సగం రోజు. ఎనిమిదిలో టీజే రాలేదని కుంగిపోతున్న ఇంట్లో ఈ సంగతి ముందే చెప్పి ఉంచితే మంచిది.

రెండో అడుగు: అర్హత, గడువులు

టీజేకి అప్లై చేయాలంటే ఆ ఐదు ప్రాంతాల్లో ఒకచోట నివాసం, ముఖ్య సబ్జెక్టుల్లో 3.5 జీపీఏ, ఎనిమిదో తరగతి పూర్తయ్యేసరికి కనీసం ఆల్జీబ్రా 1, కొన్ని ఆనర్స్ క్లాసులు ఉండాలి. దరఖాస్తులు శరదృతువులో మొదలవుతాయి, ఫలితాలు ఏప్రిల్ ప్రాంతంలో వస్తాయి.

పాత ఎంట్రన్స్ పరీక్షను 2020 అక్టోబరులో తీసేశారు. ఇప్పుడు గ్రేడ్లు, 'స్టూడెంట్ పోర్ట్రెయిట్ షీట్' పేరుతో పిల్లల గురించి పిల్లలే రాసేది, ఒక లెక్కల లేదా సైన్స్ సమస్యపై వ్యాసం, వాటితోపాటు కుటుంబ ఆదాయం, ఇంగ్లిష్ నేర్చుకునే దశ లాంటి అంశాలు చూస్తారు. తరగతికి సుమారు 550 సీట్లు. ప్రతి పబ్లిక్ మిడిల్ స్కూల్ ఎనిమిదో తరగతి సంఖ్యలో 1.5 శాతానికి సమానమైన సీట్లు ఆ స్కూల్ పిల్లలకే కేటాయిస్తారు. ఎనిమిదిలో 400 మంది ఉన్న స్కూల్‌కు 6 సీట్లన్నమాట. మిగతా సీట్లకు అందరూ కలిసి పోటీ. ఈ పద్ధతిపై కొందరు తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లారు. 2023లో అప్పీల్స్ కోర్టు స్కూల్ బోర్డు వైపు తీర్పు ఇచ్చింది, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ కేసు తీసుకోవడానికి నిరాకరించింది. అయినా ఈ వివాదం చల్లారలేదు. పక్కింటివాళ్ల పెద్దబ్బాయి కాలంనాటి నియమాలు చెప్తే వినండి, పాటించేది మాత్రం ఈ ఏటి అధికారిక నోటీసునే.

ఈ మార్పు వల్ల ఒక ఖర్చు తగ్గాలి, కానీ చాలా ఇళ్లలో తగ్గలేదు. ఆరో తరగతి నుంచే కోచింగ్‌కు వేలు పోస్తున్నారు. ఆ రాతలు పిల్లలు పర్యవేక్షణలో కూర్చుని అక్కడికక్కడే రాస్తారు. బట్టీపట్టిన "నాయకత్వ లక్షణాలు" అక్కడ పనికిరావు. దానికన్నా నెలకోసారి భోజనాల దగ్గర "ఈమధ్య నువ్వు తప్పు అనుకుని తర్వాత సరిచేసుకున్నది ఏమైనా ఉందా?" అని అడిగి, పూర్తిగా వినండి. అంతకు మించిన తయారీ నాకు తెలియదు.

లౌడన్ అకాడమీల దరఖాస్తు వేరు, గడువు వేరు. టీజేకి పెట్టాం కదా అని ఊరుకుంటే ఇది చేజారుతుంది. మీ భార్యాభర్తలిద్దరి క్యాలెండర్లలోనూ సెప్టెంబరులోనే రెండు గడువులూ రాసిపెట్టుకోండి.

మూడో అడుగు: ఒక వారాన్ని కాగితం మీద వేయండి

ఇది అసలైన అడుగు. సీట్లు వచ్చాక కాదు, అప్లై చేసేముందే చేయండి.

ఒక పెద్ద కాగితం తీసుకుని మూడు నిలువు గళ్లు గీయండి: టీజే, అకాడమీ, బేస్ స్కూల్. ఒక్కో గడిలో మంగళవారం, బుధవారం రెండు రోజులు వేయండి. రెండు రోజులెందుకంటే అకాడమీలో అవి రెండూ ఒకేలా ఉండవు. నిద్ర లేచే టైముతో మొదలుపెట్టి పడుకునే టైము దాకా నింపాలి. నింపాల్సింది పిల్లలే, మీరు కాదు.

టీజే గడిలో మొదటి గీత బస్సు. ఆష్‌బర్న్ నుంచి టీజే దాదాపు ముప్పై మైళ్లు, పొద్దుటి ట్రాఫిక్‌లో బస్సుకు గంటకు పైగా పడుతుంది. టీజే ఎనిమిదిన్నర దాటాక మొదలవుతుంది, సాయంత్రం నాలుగు ప్రాంతంలో వదులుతుంది. మీ పిల్లవాడి బస్సు కదిలే వేళకు అదే వీధిలో బేస్ స్కూల్‌కు వెళ్లే పిల్లవాడు ఇంకా దుప్పటిలో ఉంటాడు, ఎందుకంటే లౌడన్ హైస్కూళ్లు తొమ్మిది దాటాక గానీ మొదలుకావు. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఐదున్నర అనుకుంటే, తిని కూర్చునేసరికి ఆరున్నర. హోంవర్క్ రెండున్నర గంటలైతే తొమ్మిది. ఇక పొద్దున్న ఆరింటికి లేవాలంటే పదింటికి పడుకోవాలి. టీనేజ్ పిల్లలకు ఎనిమిది గంటల నిద్ర కావాలని డాక్టర్లు చెప్పే మాట ఈ కాగితం మీదే తేలిపోతుంది. ఇప్పుడు కూచిపూడి ఎక్కడ పడుతుంది? మనబడి క్లాసు? శనివారం క్రికెట్? వాటిలో ఏది మానేయాలో పిల్లలే చెప్పనివ్వండి. "బస్సులో నిద్రపోతాను, బస్సులో హోంవర్క్ చేసుకుంటాను" అని రెండూ ఒకేసారి రాస్తే, పెన్సిల్ చేతికిచ్చి ఒకటి కొట్టేయమనండి.

అకాడమీ గడిలో సమస్య వేరే రకం. దూరం తక్కువే, కానీ రెండు బడులు, ఇద్దరు కౌన్సెలర్లు, రెండు చోట్ల హోంవర్క్. సోమవారం చెప్పిన కెమిస్ట్రీ మళ్లీ బుధవారం గానీ కనిపించదు. పని చివరి రాత్రికి నెట్టే అలవాటు ఉన్న పిల్లలకు ఈ ఒక రోజు ఖాళీ పెద్ద ప్రమాదం. ప్లానింగ్ వచ్చిన పిల్లలకు అదే ఖాళీ వరం. మార్చింగ్ బ్యాండ్‌లోనో స్కూల్ టీమ్‌లోనో ఉంటే, అకాడమీ రోజున ప్రాక్టీసు వేళకు సొంత హైస్కూల్ ఎలా చేరతారో విడిగా కనుక్కోండి. అకాడమీలో చదివే పిల్లల ఇళ్లలో ఎక్కువ టెన్షన్ ఇక్కడే చూశాను, పరీక్షల దగ్గర కాదు.

బేస్ స్కూల్ గడిలో ఖాళీ గంటలు ఎక్కువ కనిపిస్తాయి. ఆ గంటలు ఏమవుతాయన్నదే ప్రశ్న. సొంతంగా కోడ్ రాసుకునే, పుస్తకాలు తిరగేసే పిల్లలకు అవి బంగారం. ఎవరో ఒకరు పక్కన ఉంటేగానీ కదలని పిల్లలకు అవి ఫోన్ గంటలు. మీ ఇంట్లో ఏ రకమో మీకు బాగా తెలుసు.

నాలుగో అడుగు: పని స్వభావం చూడండి, సబ్జెక్టు పేరు కాదు

"మావాడికి సైన్స్ ఇష్టం" అంటే చాలదు. ఏఓఎస్‌లో నెలల తరబడి ఒకే ప్రశ్న పట్టుకుని, ప్రయోగం పాడైతే మళ్లీ మొదలుపెట్టే పని ఉంటుంది. జవాబు వెనక పేజీలో దొరకదు. ఏఈటీలో ఏదైనా తయారుచేయాలి, అది పనిచేయాలి. టీజేలో ఈ రెండూ దొరుకుతాయి, వెడల్పు ఎక్కువ, వేగమూ ఎక్కువ, చుట్టూ అంతే చురుకైన పిల్లలు ఉంటారు. మిడిల్ స్కూల్లో ఎప్పుడూ మొదటి వరసలో ఉన్న పిల్లకు మొదటిసారి బి వస్తే ఏం జరుగుతుంది? కొందరు "అబ్బ, ఇక్కడ నాకన్నా తెలిసినవాళ్లున్నారు" అని సంబరపడతారు, కొందరు నోరు మెదపడం మానేస్తారు. గత రెండేళ్లలో పోటీల్లో ఓడినప్పుడు ఎలా ఉన్నారో గుర్తుచేసుకుంటే కొంత అంచనా దొరుకుతుంది.

సెలవురోజు ఎవరూ చెప్పకుండా పిల్లలు ఏం చేస్తారో గమనించండి. రోబో విప్పుతున్నారా, ప్రశ్నలు వేస్తున్నారా, కథలు రాస్తున్నారా? కథలు రాసే పిల్లకు టీజే సీటు వస్తే, ఆ సీటు గొప్పదే, కానీ నాలుగేళ్లు రోజూ చేయాల్సిన పని ఆమెది కాకపోవచ్చు.

లెక్కల స్థాయి కూడా ఇక్కడే చూడాలి. ఎనిమిదిలో ఆల్జీబ్రా 1లో ఉన్నా టీజేకి అర్హత ఉంది, కానీ పక్క బెంచీలో జామెట్రీ, ఆల్జీబ్రా 2 పూర్తిచేసినవాళ్లు ఉంటారు. దాన్ని సరిచేయడానికి వేసవిలో రెండేళ్ల లెక్కలు కుక్కడం మంచి ఉపాయం కాదు. అటువైపు, ఇప్పటికే చాలా ముందున్న పిల్లలకు పదకొండో తరగతి తర్వాత ఏ లెక్కల క్లాసు మిగులుతుందో మూడు చోట్లా అడగండి. బేస్ స్కూల్లో ఆ జవాబు ఒక్కో బడికీ మారుతుంది.

ఐదో అడుగు: వెళ్లి చూడండి, అడగాల్సినవి అడగండి

ఓపెన్ హౌస్‌కు పిల్లలతో కలిసి వెళ్లండి. ప్రిన్సిపాల్ స్లైడ్లకన్నా కారిడార్‌లో దొరికే పదో తరగతి పిల్లలు ఎక్కువ చెప్తారు. పెద్దలు పక్కన ఉంటే చెప్పరు, కాబట్టి మీరు కాస్త దూరంగా నిలబడండి. పిల్లలు వాళ్లను అడగాల్సినవి: నిన్న రాత్రి ఎన్నింటికి పడుకున్నావు? అర్థం కాకపోతే టీచర్ దగ్గరికి ఎప్పుడు వెళ్తావు? మధ్యలో మానేసినవాళ్లు ఎందుకు మానేశారు?

మీరు కౌన్సెలర్‌ను అడగాల్సినవి: మధ్యలో బేస్ స్కూల్‌కు తిరిగొస్తే క్రెడిట్లు ఎలా సర్దుతారు, జీపీఏ కింద ఎంతకు పడితే ఏం చేస్తారు, అకాడమీ కోర్సులకు బేస్ స్కూల్ ట్రాన్‌స్క్రిప్టులో వెయిటేజీ ఎలా పడుతుంది. జవాబులు ఈమెయిల్‌లో తెప్పించుకోండి. టీజేలో పది, పదకొండు తరగతుల్లో కూడా కొద్దిమందిని చేర్చుకుంటారు కాబట్టి ఎనిమిదిలో రాకపోవడం చివరి మాట కాదు.

ఆరో అడుగు: కాలేజీ లెక్కను దాని స్థానంలో ఉంచండి

టీజే నుంచి వెళ్తే ఎంఐటీ ఖాయమనేవాళ్లూ, టీజే నుంచి వెళ్తే యూవీఏ (యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియా) కూడా కష్టమనేవాళ్లూ ఒకే పార్టీలో దొరుకుతారు. అడ్మిషన్ ఆఫీసర్లు పిల్లలను వాళ్ల బడి సందర్భంలోనే చూస్తారు. ప్రతి హైస్కూల్ తన కోర్సులు, గ్రేడ్ల తీరు వివరిస్తూ స్కూల్ ప్రొఫైల్ పంపుతుంది. టీజేలో బి ప్లస్ అంటే ఏమిటో వాళ్లకు తెలుసు. కానీ ఒకే బడి నుంచి ఒకే యూనివర్సిటీకి వందలమంది పోటీ పడతారన్నదీ నిజమే. ఈ రెండిట్లో ఏది ఎక్కువ పనిచేస్తుందో ఏ ఒక్క పిల్ల విషయంలోనూ ముందే చెప్పలేం. చెప్పలేని దాని కోసం నాలుగేళ్ల నిద్ర పణంగా పెట్టడం నాకు సబబుగా అనిపించదు.

ర్యాంకింగుల మాటకొస్తే, యూఎస్ న్యూస్ జాబితాలో 2022లో టీజే మొదటి స్థానం, 2023లో ఐదు, 2024లో పద్నాలుగు. అంత త్వరగా మారే అంకె మీద పిల్లల నాలుగేళ్లు ఆధారపడకూడదు. పైగా ఏఓఎస్, ఏఈటీ పిల్లల డిప్లొమా సొంత హైస్కూల్‌దే కాబట్టి, ఆ జాబితా పట్టుకుని వాటిని టీజేతో పోల్చడం కుదరదు.

ఏడో అడుగు: వీసా, ఇల్లు, ఉద్యోగం

ఇది మన ఇళ్లకు ప్రత్యేకమైన లెక్క, ఓపెన్ హౌస్‌లో ఎవరూ చెప్పరు. హెచ్4 (తల్లిదండ్రుల వర్క్ వీసా మీద ఆధారపడే వీసా) మీద ఉన్న పిల్లలు ఈ బడులన్నిటిలోనూ చదువుకోవచ్చు, కానీ జీతం వచ్చే పని చేయకూడదు. నేవీ ల్యాబుల వేసవి అప్రెంటిస్‌షిప్, ఎన్ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) ఇంటర్న్‌షిప్ లాంటివి పౌరసత్వం లేదా గ్రీన్‌కార్డ్ అడుగుతాయి. "డీసీ పక్కన పెద్ద పెద్ద ల్యాబులున్నాయి కదా" అనే కారణంతో బడి ఎంచుకుంటుంటే, ఆ ల్యాబుల తలుపు మీ పిల్లలకు తెరుచుకుంటుందో లేదో ముందు చూడండి. హెచ్4 పిల్లల విషయంలో బడిలోపలే పరిశోధన జరిగే ప్రోగ్రాముకు విలువ ఇంకా పెరుగుతుంది.

సీటు నివాసానికి ముడిపడి ఉంటుంది. రెండేళ్లలో డాలస్‌కో షార్లెట్‌కో మారే అవకాశం ఉంటే, మధ్యలో తెంపుకోవడం ఏ ప్రోగ్రాములో తేలికో ఆలోచించండి. కలగలిపి చెప్పే సైన్స్ కోర్సులను వేరే రాష్ట్రపు బడి తన కోర్సులతో సరిపోల్చేటప్పుడు కాస్త తిప్పలు పడాల్సి రావచ్చు.

ఎనిమిదో అడుగు: నిర్ణయం పిల్లలతో, గడువుకు ముందే

ఆఫర్ వచ్చాక ఆ మూడు గళ్ల కాగితం మళ్లీ తీయండి. మీరిద్దరూ ఒక్కొక్కరు విడిగా, పిల్లలు విడిగా ఒక్కో వాక్యం రాయండి: "నేను దీన్ని ఎంచుకుంటే నాకు అన్నిటికన్నా కష్టమయ్యేది ఇది." లాభాలు అందరూ ఒకేలా రాస్తారు, కష్టాలు మాత్రం ఎవరివి వాళ్లు రాస్తారు. మీరు "ట్రాఫిక్" అని రాసిన చోట అమ్మాయి "నా స్నేహితులు ఎవరూ రావడం లేదు" అని రాస్తే, ఆ రాత్రి మాట్లాడాల్సింది దాని గురించే.

ఇండియా ఫోన్ కాల్ సంగతి కూడా ముందే అనుకోండి. తాతయ్యకూ అమ్మమ్మకూ విషయం చెప్పేముందు నిర్ణయం అయిపోయి ఉండాలి. "నంబర్ వన్ స్కూలటగా!" అన్న మాట ఒకసారి పిల్లల చెవిన పడితే, ఆ తర్వాత వద్దనడం పద్నాలుగేళ్లవాళ్లకు చాలా కష్టం.

తేల్చుకున్నాక వద్దనుకున్న సీటును గడువు దాకా పట్టుకుని కూర్చోకండి, వెంటనే వదిలేస్తే వెయిట్‌పూల్‌లో ఉన్న మరో పిల్లకు అందుతుంది. అదే వారం బేస్ స్కూల్ కౌన్సెలర్‌కు ఈమెయిల్ పెట్టండి. ఫిబ్రవరిలో నింపిన తొమ్మిదో తరగతి కోర్సుల ఫారం ఇప్పుడు మార్చాలి. టీజే అయితే ఆ ఫారం రద్దు చేయించాలి, అకాడమీ అయితే సైన్స్, లెక్కలు తీసేసి మిగతావి సొంత హైస్కూల్ రోజుల్లో పడేలా చూడాలి, బేస్ స్కూలే అయితే ఏ ఆనర్స్ క్లాసుల్లో ఇంకా ఖాళీ ఉందో అడగాలి. ఏప్రిల్ దాటితే నచ్చిన ఎలక్టివ్స్ నిండిపోతాయి.